సగం ధరకి దొరికిన తలుపు

సగం ధర బాబాయికి ఆ పేరు పెట్టింది వీధిలో పిల్లలు. పెద్దవాళ్లు ముఖాన అనరు గానీ, ఆయన మలుపు తిరగ్గానే వాళ్లూ అదే పేరు వాడతారు. చేతిలో ఏ వస్తువు కనిపించినా సరే, ఎదుటివాళ్లు అడక్కముందే "సగం ధర!" అని మొదలుపెడతాడు. ఎక్కడ దొరికింది, అమ్మేవాడు మొదట ఎంత చెప్పాడు, తాను అక్కర్లేనట్టు ముఖం తిప్పుకుని ఎలా నడిచాడు, వాడు వెనక నుంచి ఎలా కేకేశాడు, అంతా వినాల్సిందే. ఆ వస్తువు పనిచేస్తుందా అని మాత్రం అడగకూడదు. అడిగినవాళ్లతో ఆయన వారం రోజులు మాట్లాడడు.

ఆయన ఫ్యాన్లు తయారుచేసే ఫ్యాక్టరీలో స్టోర్ కీపరు. అరిగిపోయిన చీపురు తెచ్చి చూపిస్తే గానీ కొత్త చీపురు ఇవ్వడు. స్క్రూ డ్రైవరు కావాలంటే ఎందుకో చెప్పాలి, ఎవరికో చెప్పాలి, ఎప్పుడు తెచ్చిస్తారో కూడా చెప్పాలి. ఇరవై ఏడేళ్లుగా ఆ ఇనప జాలీ కిటికీ వెనక కూర్చుని, బయట చేతులు చాచి నిలబడినవాళ్లని చూసి చూసి, ప్రపంచంలో తెలివి అంతా తన వైపే ఉందని నమ్మేశాడు. దుబారా చేసేవాళ్లు మూర్ఖులు, కొత్తది కొనేవాళ్లు అంతకన్నా మూర్ఖులు. ఇంత బుద్ధిమంతుడి ఇంట్లో మాత్రం ఒక కుర్చీ తిన్నగా నిలబడదు, ఒక సొరుగు చివరిదాకా మూసుకోదు.

ఆయన భార్య బట్టలు కుడుతుంది. వీధికంతా కుట్టు పిన్ని. ముందు గదిలో మిషను, మెడలో ఎప్పుడూ టేపు. ఎవరైనా పాత చొక్కా పట్టుకొచ్చి "ఇదే కొలత పిన్నీ" అంటే ఒప్పుకోదు. "బట్ట సాగుతుంది, నువ్వు నిలబడు" అని టేపు తీస్తుంది. ఒకసారి కొలిచి రాసుకుని, మళ్లీ కొలిచి సరిచూసుకున్నాక గానీ కత్తెర ముట్టదు. పెళ్లయిన కొత్తలో మొగుడి సగం ధర సరుకు చూస్తే ఆవిడకి కోపం వచ్చేది. తర్వాత కొన్నేళ్లు నవ్వొచ్చింది. ఇప్పుడు ఆ రెండూ పోయి, చెప్పులో ఇరుక్కున్న రాయిని చూసినట్టు చూస్తుంది.

మిగతా రోజుల్లో ఆయన చేసే నష్టం కుర్చీలతోనూ సొరుగులతోనూ పోయేది. ఈసారి అలా పోయేది కాదు. ఆయన తల్లి బాత్రూములో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషను అయింది. రెండు నెలలుగా కూతురి ఇంట్లో ఉండి, నాలుగు కాళ్ల వాకరు పట్టుకుని మెల్లగా నడవడం నేర్చుకుంది. ఇక కొడుకింటికి రావాలి. వచ్చేముందు కొడుక్కి ఫోను చేసి ఒకే మాట చెప్పింది.

"నా అంతట నేను బాత్రూముకి వెళ్లి రావాలిరా. ఒకళ్లు పట్టుకుంటే వెళ్లే బతుకు నాకొద్దు. అదొక్కటి చేసిపెట్టు, ఇంకేం అడగను."

ఆవిడ ముప్పై ఏళ్లు ఆసుపత్రిలో ఆయాగా పనిచేసిన మనిషి. ఎంతమందిని చంకల కింద చేతులేసి లేపి తీసుకెళ్లిందో ఆవిడకే గుర్తులేదు. అలా వెళ్లేటప్పుడు వాళ్ల ముఖాలు ఎలా ఉండేవో మాత్రం బాగా గుర్తుంది. ఆ సంగతి కోడలికి తెలుసు. కొడుక్కీ తెలియాలి గానీ, ఆ ఫోను పెట్టేశాక ఆయన అన్న మొదటి మాట, "మంచి ఛాన్సు. బాత్రూము ఎలా కట్టాలో ఈ వీధికి చూపిస్తాను."

మేస్త్రి వచ్చి చూశాడు. తక్కువ మాటల మనిషి. నాలుగు పనులన్నాడు. నేలకి గరుకు టైల్సు వేయాలి, గడప తీసేసి నేల చదును చేయాలి, గోడకి పట్టుకోవడానికి ఒక రాడ్డు బిగించాలి, అడుగున కుళ్లిపోయిన తలుపు మార్చాలి.

"గుమ్మం వెడల్పు మాత్రం బ్రహ్మాండంగా ఉంది సార్, ముప్పై రెండు అంగుళాలు. దాని జోలికి పోవద్దు. అదే కొలతకి కొత్త తలుపు చేయించేస్తే వారంలో అయిపోద్ది."

బాబాయి తల ఊపాడు. ఎదుటివాడు చెప్పింది చెవిలో వేసుకోనప్పుడు ఆయన తల ఇంకా గట్టిగా ఊపుతాడు.

మొదట టైల్సు వచ్చాయి. ఒక బట్టల షోరూములో నేల వేయగా మిగిలినవట. అద్దంలా మెరుస్తున్నాయి. వంగి చూస్తే పళ్లు లెక్కపెట్టుకోవచ్చు. జారిపడిన ముసలమ్మ కోసం ఇంతకన్నా నున్నటి వస్తువు భూమ్మీద దొరకదు. మేస్త్రి చేత్తో రాసి చూసి, బాబాయి వైపు తిరిగాడు.

"తెలుసు, తెలుసు. నున్నగా ఉన్నాయంటావు. వెనక వైపు చూశావా?" అని ఒక టైలు తిరగేశాడు బాబాయి. "గీతలు గీతలుగా ఎంత గరుకుగా ఉందో చూడు. బోర్లా వేసెయ్."

మేస్త్రి చేతిలో తాపీ కింద పెట్టేశాడు. "ఏంటి సార్?"

"బోర్లా. గరుకు పైకొస్తుంది. ఈ మాత్రానికి గరుకు టైల్సని వేరే కొనాలా?"

"పాతికేళ్లుగా ఈ పనిలో ఉన్నాను సార్. చొక్కా తిరగేసి తొడుక్కున్నోణ్ణి చూశాను గానీ టైలు తిరగేసి వేయించుకునేవాళ్లని చూళ్లేదు. అది నీళ్లు పీల్చేస్తది. నెల తిరక్కుండా నాచు పడతది. అమ్మగారు మళ్లీ పడితే వేసింది ఎవరంటే నా పేరే చెప్తారు."

ముందు గదిలో మిషను ఆగింది. "మేస్త్రిగారూ, గరుకు టైల్సు మీరే తెచ్చేయండి. డబ్బు నేనిస్తాను" అంది పిన్ని. మిషను మళ్లీ కదిలింది. షోరూము టైల్సు మంచం కిందికి చేరాయి. ఎప్పటికైనా పనికొస్తాయని బాబాయి వాటి మీద దుప్పటి కూడా కప్పాడు.

ఆ తర్వాత కూలీ ఖర్చు తగ్గించడానికి మేస్త్రికి సాయంగా తానే దిగాడు. ఫ్యాక్టరీకి సెలవు పెట్టి, తలకి తువ్వాలు చుట్టి, సిమెంటు కలపడం మొదలుపెట్టాడు. నీళ్లు ఎక్కువయ్యాయని ఇసుక, ఇసుక ఎక్కువైందని నీళ్లు పోస్తూ పోస్తూ, బాత్రూముకి కావలసిన దానికి నాలుగింతలు కలిపాడు. మిగిలింది పారేయడానికి మనసొప్పక పెరట్లో మోకాలెత్తు దిమ్మ ఒకటి పోయించాడు. అది ఎందుకో ఎవరికీ తెలియదు, ఆయనకీ తెలియదు. దాని మీద కూర్చుని మేస్త్రికి జాగ్రత్తగా పనిచేయమని చెబుతుండేవాడు. మేస్త్రి పళ్లు నూరుకుంటూ గడప తీసి, నేల చదును చేసి, టైల్సు వేశాడు.

నిజం ఒప్పుకోవాలి కాబట్టి చెప్పడం, రాడ్డు మాత్రం బాగా కుదిరింది. పాత బస్సులు ముక్కలు చేసే చోటికి వెళ్లి, బస్సులో నిలబడేవాళ్లు పట్టుకునే స్టీలు రాడ్డు ఒకటి కోయించి తెచ్చాడు. లావుగా, గట్టిగా, వేలమంది చేతులు పట్టుకుని అరగదీసిన నునుపుతో ఉంది. పిన్ని దాన్ని పట్టుకుని బరువంతా వేసి వేలాడి చూసింది. కదల్లేదు. "ఇది బాగుందండీ" అంది. పెళ్లయిన ముప్పై ఏళ్లలో ఆ మాట ఆయన ఎన్నిసార్లు విన్నాడో ఒక చేతి వేళ్లతో చెప్పొచ్చు. ఆ పూట గాల్లో తేలిపోయాడు.

ఆ రాడ్డే కొంప ముంచింది. అదొక్కటి కుదిరేసరికి ఆయనకి పట్టపగ్గాల్లేవు. పైగా పిన్ని కూడా కాస్త ఏమరుపాటుగా ఉంది. ఒక స్కూలు పిల్లల యూనిఫారాలు రెండు వందల జతలు పది రోజుల్లో కుట్టివ్వాలి. తల ఎత్తే తీరిక లేదు.

పడగొట్టిన ఇళ్ల సామాను అమ్మే చోటు ఒకటుంది. ఊరు దాటాక, రేకుల షెడ్డు. అక్కడ బాబాయిని చూస్తే కుర్చీ వేస్తారు. ఆ రోజు ఆయనకి ఒక తలుపు కనబడింది. పాత లాడ్జిలో బాత్రూము తలుపు. మందపాటి టేకు, ఇత్తడి గడియ, చట్రంతో సహా. చూడగానే ఆయన గుండె ఆగినంత పనైంది. లాడ్జీల్లో బాత్రూములు అగ్గిపెట్టెల్లా ఉంటాయి కాబట్టి ఆ తలుపూ సన్నగానే ఉంది. బాబాయి అంత తెలివితక్కువవాడేం కాదు, వాకరు పడుతుందో లేదో చూసి మరీ కొందామనుకున్నాడు. ఇంటికొచ్చి వాకరు పట్టుకెళ్లాడు.

ఆ వాకరు సంగతి కూడా చెప్పాలి. తల్లి వాడేది కూతురు కొన్నది. ఈయన ఊరుకుంటాడా, రెండు వీధుల అవతల ఒక ఇంట్లో మూలన పడున్న వాకరుని సగం ధరకి కొనేశాడు. మడిచి ఉంది. తెరవడానికి నొక్కే మీట తుప్పుపట్టి బిగుసుకుపోయింది. నూనె వేస్తే వస్తుందిలెమ్మని తలుపు వెనక పెట్టేశాడు. నూనె వేయలేదు. ఆ మడిచిన వాకరుని చంకలో పెట్టుకుని, రేకుల షెడ్డులో గోడకి ఆనించి నిలబెట్టిన ఆ చట్రంలోంచి ఇటు నుంచి అటు దూరాడు. అటు నుంచి ఇటు దూరాడు. షెడ్డువాడు చూస్తూ నిలబడ్డాడు. బాగా పట్టింది. గొడుగు చంకలో పెట్టుకుని బస్సెక్కినవాడికి పట్టినట్టు పట్టింది.

తలుపు ఇంటికొచ్చింది. మేస్త్రి టేపు తీసి చట్రం లోపల కొలిచాడు.

"ఇరవై రెండంగుళాలే ఉంది సార్. మనకి ముప్పై రెండు గుమ్మం. ఇది పెట్టాలంటే గుమ్మాన్ని ఇటుకలతో మూసుకురావాలి. అమ్మగారి వాకరు పట్టద్దా?"

"వాకరు పట్టుకుని దూరి చూశానయ్యా. ఒకసారి కాదు, రెండుసార్లు."

"వాకరుతోనే?"

"వాకరుతోనే!"

అందులో అక్షరం అబద్ధం లేదు, అదీ దౌర్భాగ్యం. మేస్త్రి ఇంకేం మాట్లాడతాడు? అయినా మనసొప్పక ముందు గదిలోకి తొంగి చూశాడు. "అమ్మా, గుమ్మం తగ్గించమంటున్నారు సారు."

పిన్ని కాలరు కుడుతోంది. తల ఎత్తకుండానే అడిగింది. "కొలిచారా?"

"స్వయంగా దూరి చూశాను" అన్నాడు బాబాయి.

ఆవిడ మెడలోనే టేపు ఉంది. లేచి నాలుగడుగులు వేస్తే చాలు. ఆవిడ లేవలేదు.

ఇటుకలు వచ్చాయి, సిమెంటు వచ్చింది, పని రెండు రోజులు పెరిగింది. దానికంతా అయినదాంతో కొత్త తలుపు వచ్చుండేది. అది బాబాయికి తట్టదు. సగం ధర అన్నమాట చెవిలో పడ్డాక ఆయనకి ఇంకే మాటా వినపడదు. వీధిలో ఒక్కొక్కళ్లనీ లోపలికి పిలిచి తలుపు తీసి వేసి చూపించాడు. "టేకు! ఇలాంటి తలుపు ఇప్పుడు చేయించండి చూద్దాం!" అన్నాడు. చూసినవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. తలుపు చూసి వేసుకున్నారని ఆయన అనుకున్నాడు.

ఆదివారం పొద్దున కూతురు కార్లో తల్లిని తీసుకొచ్చింది. గేటు దగ్గర్నుంచి ఠక్కు ఠక్కున వాకరు వేసుకుంటూ ఆవిడే నడిచొచ్చింది. ఆ నాలుగడుగుల దూరానికే చెమటలు పట్టాయి గానీ ముఖం వెలిగిపోతోంది. బాబాయి చేతులు చాచి ఎదురెళ్లాడు.

"ఆ తర్వాత చూద్దువు గాని నన్ను. ముందు బాత్రూమెటో దారి వదులు. పొద్దున్నుంచీ ఆపుకుని కూర్చున్నాను, మీ చెల్లి వెళ్లమన్నా వెళ్లలేదు. మనింట్లోనే, నా అంతట నేను వెళ్దామని" అంది.

ఠక్కు, ఠక్కు. హాలు దాటింది, వంటగది దాటింది. గరుకు టైల్సు కనబడ్డాయి, స్టీలు రాడ్డు కనబడింది. "బాగుందిరా" అంటూ వాకరు ముందుకు వేసింది. వాకరు కాళ్లు రెండు పక్కలా టేకు చట్రానికి కొట్టుకున్నాయి.

వెనక్కి తీసి మళ్లీ వేసింది. మళ్లీ కొట్టుకుంది. కాస్త వారగా తిప్పి తోసింది. ఒక కాలు లోపలికి వెళ్లింది, రెండోది వెళ్లలేదు, వాకరు వొరిగింది, ఆవిడ చెయ్యి జారింది. కూతురు పరిగెత్తుకొచ్చి పట్టుకుంది.

"ఏంటన్నయ్యా ఇది?"

"నీ వాకరే వెడల్పు ఎక్కువ. కొలత లేకుండా కొన్నావు. ఉండు, మనది తెస్తాను" అని బాబాయి లోపలికి వెళ్లి తలుపు వెనక వాకరు తెచ్చాడు. మీట నొక్కాడు. రాలేదు. మోకాలికి అదిమిపెట్టి రెండు చేతులా నొక్కాడు. టప్పున తెరుచుకుంది. తెరుచుకుని, మొదటిదాని పక్కన, సరిగ్గా అంతే వెడల్పున నిలబడింది.

బాబాయి రెండు వాకర్లనీ మార్చి మార్చి చూశాడు. అయినా అలాంటివాళ్లకి నోరు ఎక్కువసేపు పడిపోదు.

"ఏం కాదమ్మా. గుమ్మం దగ్గరికి రాగానే ఇలా మడిచేసి, లోపలికెళ్లాక తెరుచుకున్నావనుకో, చక్కగా పడుతుంది. నేను చూశాను కదా."

తల్లి ఆయన వైపు చూసింది. "దాన్ని మడుస్తావు సరే. నన్నెలా మడుస్తావురా?"

ఆవిడ ఇక ఆగలేదు. ఆగే వీలూ లేదు. పిన్ని వచ్చి చంకల కింద చేతులేసింది. ఇద్దరూ పక్కపక్కన పట్టరు కాబట్టి, కోడలు ముందు వెనక్కి నడుస్తూ, అత్తగారిని ఎదురుగా పట్టుకుని, ఒక్కో అడుగే లాక్కుంటూ లోపలికి తీసుకెళ్లింది. అంత దగ్గరగా ఉన్నా పెద్దావిడ కోడలి ముఖం చూడలేదు. కళ్లు మూసుకుంది. గుమ్మం దగ్గరే ఆలస్యమైపోయింది. పిన్ని చీర కుచ్చిళ్లూ, కొత్త టైల్సూ తడిశాయి. పెద్దావిడ పెదవులు బిగించి, కళ్లు తెరవకుండా, "తప్పైపోయిందమ్మాయ్" అంది. 

"తప్పు మీది కాదత్తయ్యా" అంది పిన్ని.

అత్తగారికి బట్టలు మార్చి, మంచం మీద కూర్చోబెట్టి, పిన్ని బయటికొచ్చింది. మెడలోంచి టేపు తీసింది. వాకరు కాళ్ల మధ్య కొలిచింది. ఇరవై అయిదు. అలవాటు కాబట్టి మళ్లీ కొలిచింది. ఇరవై అయిదే. రెండు వందల మంది పిల్లల్ని నిలబెట్టి కొలిచిన మనిషి, ఇంట్లో మనిషి దగ్గరికొచ్చేసరికి కుర్చీలోంచి లేవలేదు. మొగుడి మీద ఎంత అసహ్యం వేసిందో తన మీదా అంతే వేసింది. అయితే ఆవిడకి అసహ్యం వేస్తే కూర్చుని కథలు చెప్పే అలవాటు లేదు. పెరట్లో మేస్త్రి వదిలివెళ్లిన గునపం ఉంది. తెచ్చింది.

"ఏయ్, ఏయ్! ఏం చేస్తున్నావు? అది టేకు!" బాబాయి గుమ్మానికి అడ్డంగా చేతులు పెట్టి నిలబడ్డాడు. తల్లికి అడ్డుపడ్డ తలుపుని కాపాడటానికి ఆయన అంత చురుగ్గా కదలడం ఇంట్లోవాళ్లు అదే మొదటిసారి చూడటం.

"మీ టేకుని నేను ముట్టుకోను. ఇటుకలు ముట్టుకుంటాను. పక్కకి జరగండి."

"మెల్లగా మాట్లాడుకుందాం..."

"జరగండి."

జరిగాడు. పిన్ని కొంగు బిగించి చట్రానికీ పాత గోడకీ మధ్య గునపం దించింది. బాబాయి కలిపిన సిమెంటు కదా, మూడో పోటుకే పెచ్చులూడింది. ఆడపడుచు మేస్త్రికి ఫోను చేసింది. గంటలో వచ్చాడు. గుమ్మం ముందు నిలబడి, "నాకు మొదట్నించీ అనుమానమేనమ్మా" అన్నాడు.

"అనుమానమున్నప్పుడు నోరేమైంది?"

"సారు దూరి చూశానన్నారు."

"సారు దూరతారు. ఆయనకేం, ఎందులోనైనా దూరతారు. పట్టండి ఇటు."

మధ్యాహ్నానికి చట్రం, తలుపు, ఇటుకలు అన్నీ పెరట్లోకి వెళ్లాయి. గుమ్మం మళ్లీ ముప్పై రెండు అంగుళాలైంది. బాబాయి దిమ్మ మీద కూర్చుని ఇటుకలకి అంటుకున్న సిమెంటు గీకుతున్నాడు. పగలనివి పనికొస్తాయట. పిన్ని గుమ్మాన్ని రెండుసార్లు కొలిచి, ఇంట్లో ఉన్న మందపాటి ముదురు నీలం గుడ్డ కత్తిరించి, పైన మడత కుట్టి తెరగా వేలాడదీసింది. కొత్త తలుపు వచ్చేదాకా అదే. దానికైన ఖర్చల్లా ఒక ఉండ దారం.

సాయంత్రం పెద్దావిడ మంచం మీంచి లేచింది. ఎవరినీ పిలవలేదు. ఠక్కు, ఠక్కు. తెర దగ్గర ఒక్క క్షణం ఆగింది. వాకరు ముందు కాళ్లతో తెరని తోసి, వాకరుతో సహా లోపలికి వెళ్లింది. ముందు గదిలో పిన్ని మిషను ఆపి వింది. వాకరు చప్పుడు ఆగింది, స్టీలు రాడ్డుకి గాజులు తగిలిన చప్పుడైంది. పిన్ని కళ్లు తుడుచుకుని, మళ్లీ యూనిఫారం అందుకుంది.

సరిగ్గా అప్పుడే పక్కింటాయన గోల విని పలకరించడానికి వచ్చాడు. బాబాయికి ప్రాణం లేచొచ్చింది. వంటగది దాకా లాక్కొచ్చి తెర చూపించాడు.

"చూశారా? అసలు ముసలివాళ్లున్న ఇంట్లో తలుపులే పెట్టకూడదండీ. తెర పెట్టాలి. వాకరు, మనిషి, అంతా పడుతుంది. ఖర్చు సున్నా. ఈ ఐడియా ఎవరికైనా వస్తుందా చెప్పండి?"

"మరి ఆ టేకు తలుపు?" అన్నాడు పక్కింటాయన, పెరట్లోకి చూస్తూ.

"అదా? అలాంటి తలుపు వదులుకుంటామా? ఇటుకలు కూడా ఉన్నాయి. దానికి సరిపడా చిన్న గది ఒకటి కట్టించేద్దామనుకుంటున్నాను."

తెర వెనక నుంచి పెద్దావిడ గొంతు వినిపించింది.

"కట్టించుకోరా. కట్టించుకుని నువ్వే ఉందువు గాని అందులో. ముందిక్కణ్ణించి అవతలికి పో, నేను లోపలున్నాను."